ఓట్లతో గెలుపు.. పాటతో నిలుపు

చెకోటా నుంచి నాష్‌విల్ దాకా క్యారీ అండర్‌వుడ్ ప్రస్థానం

అమెరికాలోని ఒక్లహామా రాష్ట్రంలో తూర్పు పడమరలుగా సాగే 40వ నంబరు రహదారి, ఉత్తర దక్షిణాలుగా సాగే 69వ నంబరు రహదారి కలిసేచోట చెకోటా అనే చిన్న పట్టణం ఉంది. జనాభా మూడు వేల పైచిలుకు మాత్రమే. మన లెక్కలో ఓ మోస్తరు మేజర్ పంచాయతీకి కూడా సరితూగదు. 1872లో రైలు మార్గం పడినప్పుడు వెలసిన ఈ ఊరికి క్రీక్ తెగ నాయకుడు శామ్యూల్ చెకోటె పేరు పెట్టారు. పరుగెత్తే గుర్రంపై నుంచి కోడెపైకి దూకి, కొమ్ములు పట్టి నేలకు పడవేసే క్రీడకు తమ ఊరే రాజధాని అని అక్కడివారు గర్వంగా చెప్పుకొంటారు. ఇప్పుడు వారు చెప్పుకొనే పేరు మరొకటి కూడా ఉంది. ఇది గాయని క్యారీ అండర్‌వుడ్ ఊరు అంటూ దారినపోయేవారికి తెలిపే బోర్డులు అక్కడ వెలిశాయి.

2005 మే 25వ తేదీ రాత్రి 'అమెరికన్ ఐడల్' పాటల పోటీ నాలుగో విడత విజేతగా ఆమె పేరును ప్రకటించారు. అప్పటికి ఆమె వయసు 22 ఏళ్లు. తుది పోటీలో పోలైన ఓట్లు సుమారు 3.70 కోట్లు. అంటే ఆమె ఊరి జనాభాకు దాదాపు పదివేల రెట్లు. బుల్లితెర పోటీలో ఒక పల్లెటూరి అమ్మాయి గెలవడం ఆ రోజు వార్త. అయితే ఈ పోటీలో 2002 నుంచి విజేతలు వస్తూనే ఉన్నారు. వారిలో పలువురి పేర్లు మరుసటి విడత మొదలయ్యే నాటికే మరుగున పడ్డాయి. ఈమె పేరు మాత్రం ఇరవై ఏళ్లు దాటినా నిలిచి ఉంది. ఎందువల్ల? ఓట్లు వేసిన ప్రేక్షకులు ఒక తలుపు తెరిచారు. ఆ తలుపు అవతల మరో తలుపు ఉంది. దాని తాళంచెవి ప్రేక్షకుల చేతిలో లేదు.

కాగితం మిల్లు కార్మికుడి కూతురు

క్యారీ 1983 మార్చి 10న సమీపంలోని మస్కోగీ పట్టణంలో జన్మించారు. తండ్రి కాగితం మిల్లులో పనిచేసేవారు. తల్లి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని. ముగ్గురు ఆడపిల్లల్లో ఈమె చివరి సంతానం. పశువుల నడుమ పొలం మీదే పెరిగారు. తాము పెంచిన దూడలు చివరకు ఎక్కడికి వెళ్తున్నాయో తెలుసుకున్న తరువాత, 13 ఏళ్ల ప్రాయంలోనే మాంసాహారం మానేశానని ఆమె పలుమార్లు చెప్పారు. గొడ్డు మాంసం నిత్యాహారమైన సీమలో ఇది చిన్న నిర్ణయమేమీ కాదు. తనకు ఇష్టం లేని దానిని కాదనే పట్టుదల ఆమెకు ఆ వయసులోనే ఉందనుకోవచ్చు.

పాటకు తొలి వేదిక ఊరి చర్చి. ఆ తరువాత స్థానిక ఉత్సవాలు, సంఘాల సమావేశాలు. 13, 14 ఏళ్ల వయసులో ఒకసారి అదృష్టం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగింది. 1996లో క్యాపిటల్ రికార్డ్స్ సంస్థ ఆమెతో ఒప్పందానికి సిద్ధమైంది. ఇంతలో ఆ సంస్థ యాజమాన్యంలో మార్పులు జరిగాయి. ఒప్పందం అటకెక్కింది. అది జరగకపోవడమే తనకు మేలు చేసిందని, అప్పుడు తాను అందుకు సిద్ధంగా లేనని ఆమె తరువాతి కాలంలో అన్నారు.

ఆపై ఆమె చదువు మీద దృష్టి పెట్టారు. 2001లో ఉన్నత పాఠశాల చదువును తరగతిలో ద్వితీయ స్థానంతో ముగించారు. టాలెక్వా పట్టణంలోని నార్త్‌ఈస్టర్న్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరి పాత్రికేయం ప్రధానాంశంగా ప్రసార మాధ్యమాల చదువు చేపట్టారు. సెలవుల్లో పిజ్జా దుకాణంలో, పశువైద్యశాలలో, జంతు ప్రదర్శనశాలలో చిన్నాచితకా ఉద్యోగాలు చేశారు. విశ్వవిద్యాలయం వేసవిలో నిర్వహించే కంట్రీ పాటల ప్రదర్శనల్లో పాడేవారు. పాటను వృత్తిగా చేసుకోవాలన్న ఆశ అప్పటికి దాదాపు అడుగంటింది. వార్తా ప్రసారాల్లో ఏదైనా కొలువు చూసుకుందామన్న ఆలోచనలో ఉండగా 2004 వేసవి వచ్చింది.

సెయింట్ లూయిస్‌లో ఎంపిక

ఆ ఏడాది 'అమెరికన్ ఐడల్' ఎంపిక కేంద్రాల్లో ఒకటి మిస్సౌరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం. చెకోటా నుంచి కారులో రోజంతా ప్రయాణం. క్యారీ అక్కడికి వెళ్లి బానీ రైట్ పాడిన ఒక విషాద గీతాన్ని ఎంచుకుని పాడారు. న్యాయనిర్ణేతలు తరువాతి దశకు పంపారు. ఆ దశ కోసం హాలీవుడ్‌కు వెళ్లినప్పుడే ఆమె జీవితంలో మొదటిసారి విమానం ఎక్కారు.

ఈ పోటీ పుట్టింది అమెరికాలో కాదు. బ్రిటన్‌లో సైమన్ ఫుల్లర్ రూపొందించిన 'పాప్ ఐడల్' 2001లో మొదలైంది. దాని అమెరికా రూపం 2002 జూన్‌లో ప్రారంభమైంది. న్యాయనిర్ణేతలు కొద్దిమందిని ఏరుతారు. ఆ తరువాత వారి మాట సలహా మాత్రమే. వారం వారం ఎవరు ఉండాలో, ఎవరు ఇంటిముఖం పట్టాలో నిర్ణయించేది అప్పట్లో టెలిఫోన్ల ద్వారా, సంక్షిప్త సందేశాల ద్వారా వచ్చే ఓట్లు. ఆ రోజుల్లో ఒక్కరే ఎన్నిసార్లయినా ఓటు వేయవచ్చు. కాబట్టి కోట్ల ఓట్లంటే కోట్ల మంది అని అర్థం చేసుకోకూడదు. పట్టుబట్టి కూర్చుని పదేపదే మీటలు నొక్కిన అభిమానులు అందులో ఎందరో ఉంటారు. ఆ పట్టుదలకు కూడా విలువ ఉంది. అంత అభిమానం ఉన్నవారు రేపు డబ్బిచ్చి పాట కొంటారన్నది నిర్వాహకుల లెక్క.

క్యారీ ఈ దశలన్నీ సునాయాసంగా దాటారు. తక్కువ ఓట్లు వచ్చిన చివరి ముగ్గురిలో ఏ వారమూ నిలబడవలసిన అవసరం ఆమెకు రాలేదు. 2005 మార్చి 22న ఆమె హార్ట్ బృందం పాడిన 'అలోన్' అనే రాక్ గీతాన్ని ఆలపించారు. మెచ్చుకోవడంలో మహా పిసినారి అని పేరుపడ్డ న్యాయనిర్ణేత సైమన్ కోవెల్ అదే వేదికపై ఒక జోస్యం చెప్పారు. ఈమె ఈ పోటీ గెలవడమే కాక అమ్మకాల్లో ఇంతవరకూ గెలిచిన వారందరినీ మించిపోతారన్నది దాని సారాంశం. పోటీ ముగియడానికి అప్పటికి ఇంకా రెండు నెలలుంది. ఆ మాట అక్షరాలా నిజమైంది.

చివరి రోజు ఆమెకు ప్రత్యర్థి బో బైస్. అలబామా నుంచి వచ్చిన రాక్ గాయకుడు. ఇద్దరికీ అభిమానులు దండిగానే ఉన్నారు. గెలుపు మాత్రం క్యారీని వరించింది.

ఒక జాబితాలో 1, మరోదానిలో 52

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. గెలిచిన వెంటనే 2005 జూన్‌లో ఆమె తొలి పాట 'ఇన్‌సైడ్ యువర్ హెవెన్' విడుదలైంది. పోటీ కోసం సిద్ధం చేయించిన గీతమది. బైస్ చేత కూడా అదే పాట పాడించి విడిగా విడుదల చేశారు. బిల్‌బోర్డ్ పత్రిక ప్రచురించే 'హాట్ 100' జాబితాలో క్యారీ పాట నేరుగా ప్రథమ స్థానంలో అడుగుపెట్టింది. ఒక కంట్రీ గాయకులెవరైనా ఆ జాబితాలో ఇలా తొలివారమే అగ్రస్థానం పొందడం అదే మొదటిసారి. పత్రికలన్నీ ఆ సంగతిని పతాక శీర్షికలకు ఎక్కించాయి.

అదే పాటకు కంట్రీ పాటల జాబితాలో దక్కిన అత్యుత్తమ స్థానం ఎంతో తెలుసా? 52.

ఒకే పాటకు రెండు జాబితాల్లో ఇంత వ్యత్యాసం ఎందుకొచ్చింది? 'హాట్ 100' లెక్కలో దుకాణాల్లో అమ్ముడైన ప్రతులు కూడా కలుస్తాయి. టీవీ చూసి ఓటు వేసినవారు మరునాడు దుకాణానికి వెళ్లి డిస్కు కొన్నారు. పాట పైకి ఎగబాకింది. కంట్రీ పాటల జాబితా అప్పట్లో అమ్మకాలను లెక్కలోకి తీసుకునేది కాదు. కంట్రీ రేడియో కేంద్రాలు ఏ పాటను ఎన్నిసార్లు ప్రసారం చేశాయన్నదే దానికి ప్రమాణం. 2012 అక్టోబరు దాకా ఈ పద్ధతే నడిచింది. రేడియోలో ఏ పాట వినిపించాలో నిర్ణయించేది ఆయా కేంద్రాల కార్యక్రమ నిర్వాహకులు. వారిని టెలిఫోన్ ఓట్లతో కదిలించడం సాధ్యం కాదు.

ఈ రేడియో వ్యవస్థ ప్రాబల్యం ఎంతటిదో అర్థం కావాలంటే కంట్రీ సంగీతం గురించి కొంత చెప్పుకోవాలి. పేరు చూసి ఇది మన జానపదం వంటిదని అనుకుంటే పొరపాటు. దాని మూలాలు అపలాచియన్ కొండల్లోని పల్లెపాటల్లో, ఫిడేలు, బాంజో వాయిద్యాల్లో ఉన్న మాట వాస్తవం. అయితే 1927లో టెన్నెసీ, వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్ పట్టణంలో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు సంస్థ ప్రతినిధి జిమ్మీ రోజర్స్‌ను, కార్టర్ కుటుంబాన్ని రికార్డు చేసింది మొదలు అది వ్యాపారంగా రూపుదిద్దుకుంది. టెన్నెసీ రాజధాని నాష్‌విల్ దాని కేంద్రమైంది. అక్కడ పాటలు రాయడం ఒక వృత్తి. ఇద్దరు ముగ్గురు రచయితలు ఉదయాన్నే ఒక గదిలో కూర్చుని, సాయంత్రానికి పాటతో బయటకు వస్తారు. ఆ పాటలను ప్రచురణ సంస్థలు గాయకులకు వినిపిస్తాయి. పాడిన పాట శ్రోతకు చేరే దారి రేడియో. అమెరికాలో కంట్రీ పాటలకే అంకితమైన రేడియో కేంద్రాలు దాదాపు రెండు వేలు. కొత్త గాయకులు గిటారు భుజాన వేసుకుని నెలల తరబడి ఊరూరా తిరిగి, ఆ కేంద్రాల గదుల్లో నలుగురైదుగురి ముందు పాడి పరిచయం చేసుకోవడం ఆనవాయితీ.

ఇంత కష్టపడి పైకి వచ్చేవారి నడుమకు నాలుగు నెలల టీవీ కార్యక్రమంతో ఒక అమ్మాయి వచ్చి నిలబడితే అనుమానం కలగడం సహజం. ఈమె నిజంగా మనపాటల మనిషేనా, లేక పాప్ సంగీతానికి కంట్రీ టోపీ పెట్టారా అన్న ప్రశ్న తలెత్తింది. 52వ స్థానం చెప్పిన జవాబు అదే. రేడియో ఆమెను అప్పటికింకా తమ గాయనిగా స్వీకరించలేదు.

మంచు దారిలో తల్లీబిడ్డ

జవాబు మార్చింది రెండో పాట. 2005 అక్టోబరులో 'జీసస్, టేక్ ది వీల్' రేడియోకు చేరింది. బ్రెట్ జేమ్స్, హిల్లరీ లిండ్సే, గోర్డీ సాంప్సన్ అనే ముగ్గురు నాష్‌విల్ రచయితలు కలిసి రాసిన పాట ఇది. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక యువతి, వెనుక సీట్లో పసిబిడ్డతో పుట్టింటికి కారు నడుపుకుంటూ వెళ్తుంటుంది. మంచు పేరుకున్న దారిలో చక్రాలు జారుతాయి. ఏమీ చేయలేని ఆ క్షణంలో చుక్కాని దేవుడికి అప్పగిస్తుంది. కంట్రీ పాటకు కావలసిన దినుసులన్నీ అందులో ఉన్నాయి. ఒక కథ, ఒక సామాన్యురాలు, ఒక దారి, ఒక ప్రార్థన. ఊరి చర్చిలో పాడుతూ పెరిగిన గొంతుకు అది అతికినట్లు సరిపోయింది.

2006 జనవరిలో ఈ పాట కంట్రీ జాబితాలో ప్రథమ స్థానానికి చేరి ఆరు వారాల పాటు అక్కడే నిలిచింది. 'హాట్ 100'లో మాత్రం దానికి దక్కిన గరిష్ఠ స్థానం 20. మొదటి పాటతో పోలిస్తే లెక్క పూర్తిగా తిరగబడింది. తొలిపాట టీవీ ప్రేక్షకులు ఇచ్చిన విజయం. రెండోపాట కంట్రీ శ్రోతలు ఇచ్చిన స్థానం. మన దృష్టిలో ఆమె జీవితంలో మలుపు 2005 మే 25న రాలేదు. ఈ ఆరు వారాల్లో వచ్చింది.

తొలి ఆల్బమ్ 'సమ్ హార్ట్స్' 2005 నవంబరు 15న విడుదలైంది. డాన్ హఫ్, మార్క్ బ్రైట్ దాని నిర్మాణ బాధ్యతలు చూశారు. శీర్షికా గీతం పాప్ రచయిత్రి డయాన్ వారెన్ రాసినది. అంటే పాప్ శ్రోతలను సంస్థ పూర్తిగా వదులుకోలేదన్నమాట. అదే ఆల్బమ్‌లో క్యారీ స్వయంగా రచనలో పాలుపంచుకున్న 'ఐ ఎయింట్ ఇన్ చెకోటా ఎనీమోర్' కూడా ఉంది. చిన్న ఊరు వదిలి పెద్ద నగరాల వెలుగుల్లో నిలిచిన అమ్మాయి తన ఊరిని తలచుకునే పాట అది. ఆల్బమ్ అమెరికాలోనే 70 లక్షల ప్రతులకు మించి అమ్ముడైంది. 2000-2009 దశాబ్దపు అత్యుత్తమ కంట్రీ ఆల్బమ్‌గా దీనిని బిల్‌బోర్డ్ తన లెక్కల్లో నిలిపింది.

ఇక్కడ మరో సంగతి చెప్పుకోవాలి. భక్తి పాటతో ఇంటింటా మంచి అమ్మాయిగా పేరొచ్చిన గాయని, ఏడాది తిరగకముందే 'బిఫోర్ హీ చీట్స్' పాడారు. మోసం చేసిన ప్రియుడి వాహనాన్ని చితగ్గొట్టి కసి తీర్చుకునే స్త్రీ పాట అది. జోష్ కియర్, క్రిస్ టాంప్‌కిన్స్ రచన. 2006 చివర కంట్రీ జాబితాలో ఐదు వారాలు అగ్రస్థానంలో ఉంది. ఆపై పాప్ శ్రోతలకు కూడా పాకి 'హాట్ 100'లో 8వ స్థానం దాకా వెళ్లి, ఆ జాబితాలో మొత్తం 64 వారాలు కొనసాగింది. ఈసారి రెండు జాబితాలూ కలిశాయి. కంట్రీ శ్రోతల ఆమోదం ముందు వచ్చింది. మిగతా లోకం వారి వెనుక వచ్చింది.

ఈ హడావుడి నడుమనే 2006 మేలో ఆమె మిగిలిన చదువు పూర్తిచేసి, ఉన్నత శ్రేణిలో పట్టా అందుకున్నారు. కోట్ల ఆదాయం వచ్చాక పట్టాతో పనేమిటని అడిగేవారికి సమాధానం ఆమె వద్దే ఉంటుంది. ఉపాధ్యాయిని కూతురు కదా అని మాత్రం అనిపిస్తుంది.

అందరికీ ఇలాగే జరగలేదు

టీవీ పోటీ వేదికగా కంట్రీ సంగీతంలోకి వచ్చినవారు ఇంకా ఉన్నారు. వారి అనుభవం చూస్తే ఆ రెండో తలుపు ఎంత బరువైనదో బోధపడుతుంది. ఉత్తర కరోలినాలోని గార్నర్ పట్టణానికి చెందిన స్కాటీ మెక్‌క్రీరీ 2011లో 17 ఏళ్ల వయసులో ఇదే పోటీ గెలిచారు. ఆ అక్టోబరులో వచ్చిన తొలి ఆల్బమ్ అన్ని తరగతుల ఆల్బమ్‌ల జాబితాలో నేరుగా ప్రథమ స్థానం పొందింది. రేడియోలో మాత్రం ఆయన పాట అగ్రస్థానానికి చేరడానికి ఏళ్లు పట్టింది. 2016లో రికార్డింగు సంస్థ ఆయనను వదులుకుంది. అండగా ఏ సంస్థా లేని ఆ కాలంలోనే, తాతతో గడిపిన రోజులను తలుచుకుంటూ రాసుకున్న 'ఫైవ్ మోర్ మినిట్స్' శ్రోతలకు చేరువైంది. చివరకు 2018 ఫిబ్రవరిలో అది కంట్రీ రేడియోలో మొదటి స్థానానికి వెళ్లింది. పోటీ గెలిచిన ఏడేళ్లకు!

టెక్సాస్‌లోని లిండేల్‌లో పెరిగిన మిరండా లాంబర్ట్‌ది మరో దారి. 2003లో కంట్రీ గాయకుల కోసమే ప్రత్యేకించిన 'నాష్‌విల్ స్టార్' పోటీలో ఆమె మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. తన పాటలు తానే రాసుకుంటానన్న పట్టు విడవలేదు. 2005లో వచ్చిన తొలి ఆల్బమ్ 'కెరోసిన్' అధికభాగం ఆమె రచనే. ఆల్బమ్‌లు బాగానే అమ్ముడైనా రేడియోలో మొదటి స్థానం 2010లో 'ద హౌస్ దట్ బిల్ట్ మీ' పాటతో గానీ దక్కలేదు. ఇక్కడ కూడా ఏడేళ్లే. ఆ పాట ఆమె రాసినది కాకపోవడం ఒక చమత్కారం. ఆమె నేడు కంట్రీ సంగీతంలో అగ్రశ్రేణి గాయని, రచయిత్రి.

ఈ ఇద్దరితో పోలిస్తే క్యారీకి ఏడెనిమిది నెలల్లోనే మార్గం సుగమమైంది. గొంతు బలం ఒక కారణం. సరైన సమయంలో సరైన పాట దొరకడం రెండోది. పోటీ జరుగుతున్నప్పుడే తాను కంట్రీ గాయనినని దాచకుండా చెప్పుకోవడం మూడోదని మా అభిప్రాయం. రాక్ పాట పాడినా, పాప్ పాట పాడినా ఆమె ఎక్కడి మనిషో చూసేవారికి తెలుస్తూనే ఉంది.

కలిసొచ్చిన గడ్డ కూడా ఒకటి ఉంది. గార్త్ బ్రూక్స్, రీబా మెకెంటైర్, విన్స్ గిల్, టోబీ కీత్ వంటి మేటి కంట్రీ గాయకులంతా ఒక్లహామా బిడ్డలే. వారిలో రీబా పశుక్రీడల పోటీల ప్రారంభంలో జాతీయ గీతం పాడుతూ 1974లో నాష్‌విల్ దృష్టిలో పడ్డారు. ముప్పై ఏళ్ల తరువాత క్యారీకి ఆ మైదానం బదులు టీవీ తెర వేదికైంది. ప్రవేశద్వారం మారింది గానీ లోపలి ఇల్లు పాతదే.

నాష్‌విల్ అంగీకారం

2006 నవంబరు 6న కంట్రీ సంగీత సంఘం తన వార్షిక పురస్కారాల్లో ఉత్తమ నూతన ప్రతిభ, ఉత్తమ గాయని పురస్కారాలు రెండింటినీ ఆమెకే ప్రకటించింది. ఇవి ప్రేక్షకులు ఇచ్చేవి కావు. రచయితలు, వాద్యకారులు, నిర్మాతలు, రేడియో నిర్వాహకులు సభ్యులుగా ఉన్న సంఘం ఇచ్చేవి. ఏడాది క్రితం అనుమానంగా చూసిన రంగమే ఓటు వేసింది. ఉత్తమ గాయని పురస్కారం ఆమెకు మొత్తం ఐదుసార్లు లభించింది. 2007 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ నూతన కళాకారిణిగా ఎంపికయ్యారు. ఇప్పటికి ఆమె ఖాతాలో ఎనిమిది గ్రామీలు ఉన్నాయి. అకాడమీ ఆఫ్ కంట్రీ మ్యూజిక్ ఏటా ఇచ్చే అత్యున్నత పురస్కారాన్ని 2009, 2010, 2020లలో మూడుసార్లు అందుకున్న తొలి మహిళ ఆమే.

పురస్కారాలన్నిటికంటే కంట్రీ గాయకులు గొప్పగా భావించేది గ్రాండ్ ఓల్ ఆప్రీ సభ్యత్వం. 1925లో నాష్‌విల్‌లో ప్రారంభమై నూరేళ్లుగా సాగుతున్న రేడియో కార్యక్రమం ఇది. 1974లో కొత్త భవనానికి మారినప్పుడు పాత రైమన్ మందిరం వేదిక నుంచి గుండ్రంగా కోసిన చెక్కను తెచ్చి కొత్త వేదిక మధ్యన పొదిగారు. పాడేవారు ఆ చెక్క మీద నిలబడతారు. పూర్వగాయకుల పాదాలు తాకిన చెక్క అది. 2008 మార్చిలో ర్యాండీ ట్రావిస్ ఆమెను సభ్యత్వానికి ఆహ్వానించగా, మే 10న గార్త్ బ్రూక్స్ చేతుల మీదుగా ప్రవేశం జరిగింది. మెక్‌క్రీరీ ఆ గౌరవం 2024లో పొందారు.

ఆ తరువాతి ప్రయాణం గురించి విస్తరించనక్కరలేదు. 2008 నుంచి 2018 దాకా కంట్రీ సంఘం పురస్కారోత్సవానికి బ్రాడ్ పైస్లీతో కలిసి వ్యాఖ్యాతగా వ్యవహరించారు. 2013 నుంచి ఆదివారం రాత్రి ఫుట్‌బాల్ ప్రసారాలకు ప్రారంభ గీతం పాడుతూ, కంట్రీ పాట ఎరుగని ఇళ్లలో కూడా పరిచితులయ్యారు. 2009లో సొంతూరి కోసం 'క్యాట్స్' పేరుతో ఒక సేవాసంస్థ నెలకొల్పారు. చెకోటా జంతువులు, పట్టణం, పాఠశాల అన్న మాటల ఆంగ్ల తొలి అక్షరాలతో కూర్చిన పేరు అది. వరుసలో జంతువులు ముందుండటం ఆమెను ఎరిగినవారికి వింతగా తోచదు.

మన గాయకులకు ఉన్న తలుపు వేరు

ఇదే పోటీ భారతీయ రూపం 'ఇండియన్ ఐడల్' 2004లో మొదలైంది. 2006లో రెండో విడత తుదిపోరుకు హైదరాబాద్ గాయకుడు కారుణ్య చేరినప్పుడు తెలుగునాట ఎస్సెమ్మెస్‌ల సందడి ఇంతా అంతా కాదు. ఆయన ద్వితీయ స్థానంలో నిలిచారు. 2010లో శ్రీరామచంద్ర విజేతగా నిలిచారు. తెలుగు రూపం 2022లో 'ఆహా'లో వచ్చినప్పుడు వ్యాఖ్యాత ఆయనే. ఆ తొలి విడతలో నెల్లూరు గాయని వాగ్దేవి గెలుపొందారు. అంతకు చాలా ముందే, 1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆరంభించిన 'పాడుతా తీయగా' జిల్లాల గొంతులను ఇంటింటికీ పరిచయం చేసింది. అక్కడ తీర్పు చెప్పింది సంగీతం తెలిసినవారు. టెలిఫోన్లు కావు.

అయితే పోటీ ఒకటే అయినా ఆ తరువాతి తలుపు ఒకటి కాదు. మన గాయకుల భవిష్యత్తు ప్రధానంగా సినిమా చేతిలో ఉంది. ఏ పాట ఎవరు పాడాలో సంగీత దర్శకుడు నిర్ణయిస్తారు. తెర మీద కనిపించేది మరొకరి ముఖం. క్యారీకి దొరికినట్లు తన జీవితానికి, తన ఊరికి సరిపోయే పాటను ఏరుకుని, తన పేరు మీదే శ్రోతల ముందుకు వెళ్లే అవకాశం ఇక్కడ బహు స్వల్పం. విజేతగా ఊరేగింపుతో సొంతూరికి వచ్చిన యువ గాయని ఆరు నెలల తరువాత కనిపించలేదంటే లోపం గొంతులో ఉందనుకోనక్కరలేదు. పోటీ నిర్వాహకులు ఒప్పందపత్రంపై సంతకం తీసుకునేటప్పుడు బహుమతి సొమ్ము గురించి చెబుతారు. తరువాతి పాట ఎవరు ఇస్తారన్నది తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న. సొంత పాటలను నేరుగా శ్రోతకు చేర్చే యూట్యూబ్ వంటి మార్గాలు వచ్చాక తెలంగాణ పల్లెపాటల గాయకులు సినిమా కోసం ఎదురుచూడకుండానే పేరు తెచ్చుకుంటున్నారు. చిత్రమేమిటంటే, మన పరిస్థితుల్లో నాష్‌విల్ దారికి దగ్గరగా ఉన్నది వారి దారే. తమ యాసలో, తమ ఊరి కథను, తమ ముఖంతోనే పాడుతున్నారు.

'అమెరికన్ ఐడల్' 2016లో ఆగి, 2018లో మరో చానల్‌లో తిరిగి మొదలైంది. 2025 మార్చిలో ప్రారంభమైన విడతలో న్యాయనిర్ణేతల బల్ల వద్ద కేటీ పెర్రీ స్థానంలో క్యారీ అండర్‌వుడ్ కూర్చున్నారు. ఆ పోటీలో గెలిచి, అదే పోటీకి పూర్తిస్థాయి న్యాయనిర్ణేతగా వచ్చిన తొలి విజేత ఆమే. సెయింట్ లూయిస్ గదిలో బల్లకు ఇవతల ఆమె నిలబడి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.